చెప్పులు వేసుకున్న ఇమామ్

నేను పారిపోయాను. ఇంకెలా చెప్పినా అది అబద్ధమే అవుతుంది. పారిపోతూ పారిపోతూ చెప్పులు కూడా వేసుకున్నాను.

పైకొండ ఊళ్లు భూకంపానికి కూలి నెల కూడా కాలేదు. మా ఊళ్లో గోడలు బీటలు వారాయి గానీ ప్రాణాలు పోలేదు. అయినా కప్పు కిందికి రావాలంటే అందరికీ గుండె దడే. శుక్రవారం నమాజు అక్రోటు తోటలో చేసుకుందామన్నారు. ఊరి ఇమామ్‌ని, చదువుకున్నవాణ్ణి, నాకు పౌరుషం వచ్చింది. మసీదు ఉండగా తోటలేమిటని కసిరాను. అందరినీ లోపలికి రప్పించి, భయం వేసినప్పుడు దేవుడు మన పక్కనే ఉంటాడని అరగంట ప్రసంగం చేశాను. బాగా మాట్లాడానని నాకే అనిపించింది.

నమాజు సగంలో ఉండగా నేల కదిలింది. దూలం కిర్రుమంది. మట్టి రాలి నా మెడ మీద పడింది. ఆ తర్వాత నాకు గుర్తున్నది వాకిట్లో ఎండ. కాళ్లకు చెప్పులున్నాయి. అంటే గుమ్మం దగ్గర ఆగి, అన్ని జతల్లోంచి నావి వెతికి తొడుక్కున్నానన్నమాట. నా వెంట ఒక్కరూ రాలేదు. లోపల నమాజు సాగుతూనే ఉంది.

ఇమామ్ మధ్యలో తప్పుకుంటే వెనక వరుసలో ఒకరు అడుగు ముందుకేసి పూర్తి చేయించాలి. ఆ అడుగు వేసింది బిహీ తాత. డెబ్భై ఏళ్ల మనిషి, అక్రోటు తొక్క మరకలతో చేతులెప్పుడూ నల్లగా ఉంటాయి. ఆయనకు వచ్చినవి ఖురానులో మూడో నాలుగో సూరాలు, వాటిలోనూ తడబడతాడు. పోయిన రంజానులో పదిమంది ముందు ఆయన తప్పు దిద్ది, నవ్వాను కూడా. ఇప్పుడు ఆయన గొంతు ఒకచోట ఆగిపోయింది. చాలాసేపు ఆగింది. తర్వాతి వాక్యం నాకు తెలుసు. వాకిట్లో నిలబడి, నోరు మూసుకుని విన్నాను. చివరికి ఆయనే అందుకున్నాడు.

బయటికి వచ్చినవాళ్లు నన్ను చూసి తలలు తిప్పుకున్నారు. వడ్రంగి హమ్ము మాత్రం ఆగి, "చెప్పులు మీవేనా ఇమామ్ గారూ? కంగారులో నావి తొడుక్కోలేదు కదా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

గదికి వెళ్లి మూట కట్టుకున్నాను, పొద్దు వాలేలోగా కొండ దిగిపోదామని. ఇక్కడ ఇమామ్‌కి ఇంటికో రోజు వంతున భోజనం వస్తుంది. ఆ రోజు వంతు ఎవరిదో నేను మరిచాను. బార్లీ కుస్కుసు గిన్నె, మజ్జిగ చెంబు పట్టుకుని బిహీ తాత వచ్చాడు. మూటను చూశాడు. గిన్నె దాని పక్కనే పెట్టాడు.

మీకు భయం వేయలేదా అని అడిగాను.

"వెయ్యకేం? కాళ్లు కొయ్యబారిపోయాయి. ఆ ముందుకేసిన అడుగుందే, అది తూలిపడబోయి వేసిందే."

మధ్యలో ఎందుకు ఆగారని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"వాక్యం మర్చిపోయాను. మీరు వెనక వరుసలోకి తప్పుకున్నారు, అందిస్తార్లే అనుకున్నా."

నా చెయ్యి గిన్నెలోనే ఉండిపోయింది. నేను గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటున్నప్పుడు కూడా ఈయన నన్ను నమ్ముకునే నిలబడ్డాడు.

"ఎవరూ అందించలేదు. మీరు లేరని అప్పుడు తెలిసింది. నోట్లో మాట లేదు, నెత్తిన మట్టి రాలుతోంది. అయినా ఒంటరిగా అనిపించలేదు ఇమామ్ గారూ. ఆ దేవుడు పక్కనే ఉన్నట్టుంది. నాకు మాట దొరికేదాకా ఆగినట్టుంది. ఇందాక మీరు చెప్పింది ఇదే కదా?"

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే తట్టుకునేవాణ్ణి. సాయంత్రం నమాజు మీరే చేయించండి అన్నాను.

"చేయిస్తా. మీరు నా వెనకే నిలబడాలి మరి."

చెప్పులు గదిలోనే వదిలి వెళ్లి ఆయన వెనక నిలబడ్డాను. అదే చోట ఆయన గొంతు ఆగింది. పైన దూలం మళ్లీ కిర్రుమంది, గాలికో, నేల కదిలో తెలియదు. నా కాళ్లు గుమ్మం వైపు లాగాయి. నా ముందు ఆ నల్లని చేతులు వణుకుతున్నాయి. ఆయన ఆగాడు. మధ్యాహ్నం నేను వదిలేసి పోయిన నిశ్శబ్దమే అది. అందులో నాకోసం ఆగింది తాత ఒక్కడే కాదని అప్పుడు తెలిసింది.

వాక్యం అందించాను. నా గొంతు ఆయన చేతుల కన్నా ఎక్కువ వణికింది.