ఎనిమిదో గాటు

వెదురుబద్దకు సీమసున్నం రాసి, దాన్ని చంకలో ఇరికించుకుని గంగులప్ప ఇనప నిచ్చెన ఎక్కాడు. మంచుకు మెట్లు జిల్లుమంటున్నాయి. పైన ట్యాంకు మూత తిప్పి, ఒక కన్ను మూసి, బద్దను లోపలికి దించాడు. అడుగు తగిలినట్టు చేతికి తెలిసింది. మెల్లగా పైకి లాగి చూస్తే సున్నం మీద తడి పదో గాటు దాకా నల్లగా పాకి ఉంది.

"పది," అన్నాడు దిగుతూ, వినేవాళ్లు ఎవరూ లేకపోయినా.

తిరుపతి రైలుస్టేషను వెనక వీధిలో పరంధామయ్య లాడ్జికి ఉన్న పేరంతా వేడినీళ్ల వల్ల వచ్చిందే. కొండకు పోయే జనం ఏ వేళకు దిగినా, కొళాయి తిప్పితే పొగలు కక్కే నీళ్లు. ఆ నీళ్లు కాచే బాయిలరు ఆయిలుతో మండుతుంది. ఆ ఆయిలు పెరట్లో రాతిదిమ్మెల మీద కూర్చున్న ట్యాంకులో ఉంటుంది. ట్యాంకులో ఎంతుందో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గంగులప్ప చెప్పాలి. బద్ద మీద కత్తితో గాట్లు పెట్టింది కూడా అతనే, కార్వేటినగరం పక్క పల్లెనుంచి కరువుకు లేచి వచ్చిన ఏడాది. అప్పుడు మీసం నల్లగా ఉండేది. ఇప్పుడు నెరిసింది. ట్యాంకులోకి చూసి చూసి ఎడమ కన్ను ఎప్పుడూ సగం మూతపడే ఉంటుంది. ఖాకీ చొక్కా ఎంత ఉతికినా ఆయిలు కంపు వదలదు. పైగా నోట్లో నాలుక లేని మనిషి. ఉన్న నాలుక రోజుకు రెండంకెలు చెప్పడానికే సరిపోయింది.

ఇన్నేళ్లలో ఆ వేడినీళ్లు చెంబెడైనా అతని ఒంటి మీద పడలేదు. పనివాళ్లకు చన్నీళ్లే అన్నది పరంధామయ్య కట్టడి. అది అన్యాయమని గంగులప్పకు తోచనైనా తోచలేదు, తన ఒళ్లు ఏనాడూ అడగలేదు గనక. అడిగింది భార్య మునిలక్ష్మి ఒళ్లు.

వానల్లో ఆమెకు ఎడమ పక్క పడిపోయింది. ధనుర్మాసం చలి మొదలయ్యాక ఆ పక్క కట్టెలా బిగుసుకుపోయి, రాత్రంతా పళ్లు టకటకలాడించుకుంటూ పడి ఉండేది. వావిలాకు వేసిన వేడినీళ్లు నిండుగా పోస్తే నరాలు సడలుతాయని పక్కింటి దేవకమ్మ చెప్పింది. ఏరుకొచ్చిన చితుకులు సంగటి ఉడకడానికే చాలవు, ఇక బిందెడు నీళ్లు ఎట్లా కాగుతాయి?

"ఒక్కనాడు ఒళ్లంతా ఎచ్చబడితే సాలు. ఇంకేం అడగను," అంది మునిలక్ష్మి.

పెళ్లయిన నాటినుంచి ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

అందుకే ఆ రోజు గంగులప్ప వట్టి చేతులతో రాలేదు. దేవకమ్మ చింతపండుతో తోమిచ్చిన ఇత్తడి బిందెలో ఇంత వావిలాకు వేసుకుని తెచ్చాడు. దాన్ని బాయిలరు కొళాయి కింద పెట్టి, గల్లాపెట్టె దగ్గరకు పోయి, చేతులు నలుపుకుంటూ సంగతి చెప్పుకున్నాడు. పరంధామయ్య చెడ్డవాడని ఊళ్లో ఎవరూ అనరు. ఏటా కొండకు నడిచి ఎక్కే మనిషి. ఆయన కాసేపు ఆలోచించాడు. రేపు ముక్కోటి ఏకాదశి గనక ఈ రోజు జనం విరగబడతారన్నాడు. ఆయిలు ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియదన్నాడు. సాయంత్రానికి ఎనిమిదో గాటు కంటే కిందికి దిగకుండా ఉంటే బిందెడు పట్టుకుపొమ్మన్నాడు. గంగులప్ప దండం పెట్టాడు. జన్మలో అంత పెద్ద వరం అతనికెవరూ ఇవ్వలేదు.

ఇక ఆ పగలు పగలు కాదు. మెట్లు తుడుస్తున్నా, పక్కగుడ్డలు ఆరేస్తున్నా చెవులు కొళాయిల మీదే. పైన ఎవరు తిప్పినా చేతిలో పని ఆపి, అది కట్టేదాకా వినేవాడు. మధ్యాహ్నం ఎవరో మద్రాసువాళ్లు కొళాయి విప్పేసి, గదికి తాళం వేసుకుని భోజనానికి పోయారు. గంగులప్ప పైకి పరుగెత్తి తలుపు ముందు నిలబడ్డాడు. లోపల నీళ్లు దబదబా పోతున్నాయి. గల్లా దగ్గరకొచ్చి చెబితే, డబ్బులిచ్చినవాళ్లు ఎట్లయినా వాడుకుంటారని జవాబు వచ్చింది.

పెరట్లోకి వచ్చి చూశాడు. గొట్టంలోంచి దిగిన నీళ్లు పొగలు లేస్తూ మురుక్కాలవలో పారుతున్నాయి. కాలవ గట్టు వెచ్చగా ఉన్నట్టుంది, వీధికుక్కలు రెండు దాన్ని ఆనుకుని కాళ్లు బారజాపుకుని నిద్రపోతున్నాయి. గంగులప్ప వంగి ఆ మురుగులో వేళ్లు ముంచాడు. కుక్కలను చూస్తే అతనికి కుళ్లు పుట్టింది.

సాయంత్రం మళ్లీ నిచ్చెన ఎక్కాడు. బద్ద దించి, లాగి, వెలుతురుకు తిప్పాడు. తడి ఎనిమిదో గాటు కింద ఆగిపోయింది. వేలు ఆనించి చూస్తే సరిగ్గా ఒక వేలు తేడా. బద్ద తుడిచి మళ్లీ దించాడు. అంతే. పెరట్లో ఎవరూ లేరు. పరంధామయ్య ఆ నిచ్చెన ఏనాడూ ఎక్కలేదు, ఎక్కడు కూడా. ఆయన బొజ్జకు ఆ నిచ్చెన ఆగదు.

"ఎంతుండాదిరా?" అన్నాడు పరంధామయ్య, లెక్కలోంచి తల ఎత్తకుండా.

"ఎనిమిదికి ఒక ఏలు తక్కువ సామీ."

మాట బయటపడ్డాక గాని అతనికి తెలియలేదు తానేమన్నాడో. దాన్ని నిజాయితీ అంటే గంగులప్పకే నవ్వొస్తుంది. ఇన్నేళ్లు బద్ద చూపింది చెప్పి చెప్పి నాలుక అట్లా అరిగిపోయింది, అంతే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ ఆ పూజారి గంగులప్పే.

"అయితే రేపు సూద్దాం. మాటంటే మాటే గదా," అన్నాడు పరంధామయ్య.

బిందె అక్కడే వదిలి ఇల్లు చేరాడు. దుప్పట్లోంచి మునిలక్ష్మి అతని చేతులవైపే చూసింది. జరిగింది దాచకుండా చెప్పాడు.

"ఎనిమిదని సెప్పింటే ఎవురొచ్చి సూసేది?" అంది మునిలక్ష్మి.

కోపంగా అని ఉంటే అతను తట్టుకునేవాడు. ఆమె ఊరికే, తెలుసుకోవడానికి అడిగినట్టు అడిగింది. గంగులప్ప తన కంబళి కూడా ఆమె మీద కప్పి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

తెల్లారి లేపితే ఆమె పలకలేదు. పడిన పక్కా, పడని పక్కా ఒకే తీరుగా చల్లబడి ఉన్నాయి.

లాడ్జికి పోయి చెప్పేసరికి గల్లా ముందు యాత్రికులు గుంపుగా ఉన్నారు. పరంధామయ్య కుర్చీలోంచి లేచి అయ్యయ్యో అన్నాడు.

"బిందె ఆడే ఉండాది గదా, పట్టుకో. ఒకటి సాలకుంటే ఇంకోటి పట్టుకో. సావు నీళ్లకు కొలతేందిరా?"

ఎంత ధర్మాత్ముడో అనుకున్నారు యాత్రికులు. గంగులప్ప కొళాయి తిప్పాడు. రాత్రంతా వాడిపోయిన వావిలాకు మీద నీళ్లు పడి ఘాటైన వాసన లేచింది. బిందె భుజానికెత్తుకోబోతుంటే పరంధామయ్య వెనకనుంచి పిలిచాడు, పోయేముందు ట్యాంకు చూసి పొమ్మని. బిందె దించి, నిచ్చెన ఎక్కి, బద్ద దించాడు.

"ఆరు సామీ."

"సరే, పోయిరా."

దేవకమ్మ నీళ్లు పోసింది. మరీ వేడిగా ఉన్నాయని చన్నీళ్లు కలపబోతే గంగులప్ప వద్దన్నాడు. మునిలక్ష్మి ఒంటినుంచి ఆవిరి లేచింది. భుజం మీద, మెడ మీద, బిగుసుకున్న ఎడమ చెయ్యి మీద నీళ్లు నిండుగా జారాయి. ఆమె కోరినట్టే ఒళ్లంతా వెచ్చబడింది.

శవానికి నీళ్లు పోసిన బిందె లోపలికి తేకూడదని దేవకమ్మ దాన్ని గడప బయట బోర్లించింది. పాడె లేచింది. పాడెతో కదలబోతూ గంగులప్ప వంగి ఆ బిందె మీద చెయ్యి ఆనించాడు. మూతికి ఒక వావిలాకు అతుక్కుని ఉంది, ఇత్తడి ఇంకా వెచ్చగానే ఉంది.