తలుపు అవతలి మర్యాద

టెల్లెర్వో హైస్కూల్లో తత్వశాస్త్రం చెప్పి రిటైరైంది. సంతోషం గురించిన పాఠం వచ్చిందంటే ఆమెకు పూనకమే. తోటి మనిషి బాగోగులు పట్టనివాడికి సంతోషం దక్కదని బల్ల గుద్ది మరీ చెప్పేది. ఇంటికొచ్చాక మాత్రం, మెట్ల మీద అడుగుల చప్పుడైతే చాలు, తలుపు వెనకే నిలబడిపోయేది. ఆ చప్పుడు పోయాకే బయటికొచ్చేది. ఆమె ఉండే ఊరు కుఓపియోలో దాన్ని పిరికితనం అనరు, పెంపకం అంటారు. పలకరించి ఇబ్బంది పెట్టనివాడే అక్కడ పెద్దమనిషి.

భర్త పోయాక ఇల్లు మూగబోయింది. ఆమెకు మిగిలిన తోడల్లా శుక్రవారం సాయంత్రమే. అపార్టుమెంటు కింద అందరూ వంతులేసుకుని ఆవిరి స్నానం చేసే ఉమ్మడి సౌనాలో ఆమె వంతు అయ్యాక ఎదురింటి ముసలాయన ఔలిస్ వంతు. ఆమె అతని కోసం బకెట్ నిండా నీళ్ళు పట్టి ఉంచేది. ఎండాకాలంలో ఆమె గుమ్మం ముందు ఆవిరిలో ఒంటికి తట్టుకోడానికి అతను కట్టిన బర్చ్ చెట్టు రెమ్మల కట్ట ఉండేది. కూర్చుని మాట్లాడుకున్నది మాత్రం ఏనాడూ లేదు.

ఒక శుక్రవారం ఔలిస్ కిందికి దిగలేదు. ఉండబట్టలేక టెల్లెర్వో వెళ్ళి అతని తలుపు తట్టింది. జవాబు లేదు. లోపల ఏదో చిన్న చప్పుడైంది. నేనెప్పుడు వెళ్ళిపోతానా అని చూస్తున్నాడు కాబోలు అనుకుంది. సిగ్గుతో చచ్చిపోయి గబగబా ఇంట్లోకొచ్చేసింది.

మర్నాడు అతని తలుపులో పేపరు అలాగే ఇరుక్కుని ఉంది. అది చూసి కాపలాదారుకు ఫోన్ చేసింది. తాళం తీసేసరికి ఔలిస్ తుంటి విరిగి నేల మీద పడి ఉన్నాడు.

ఆ సాయంత్రమే అతన్ని చూడ్డానికి ఆసుపత్రికి వెళ్ళింది.

"నిన్న తలుపు తట్టింది మీరేనా?" అన్నాడు.

"నేనే."

"పిలుద్దామంటే గొంతు పెగల్లేదు. గోడ మీద కొట్టాను."

"వినబడింది. నన్ను పొమ్మంటున్నారనుకున్నా."

ఔలిస్ నవ్వబోయి మూలిగాడు. "నేనైనా అంతే చేసేవాణ్ణి లెండి. మహా మర్యాదస్తులం కదా!"

తిట్టినా బాగుండేది. ఆ మాట ఆమెను నిలువునా కోసేసింది.

"ఇక బయల్దేరండి, మీకెందుకు శ్రమ" అంటూ అతను ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

ఆమె అలవాటుగా లేచింది. కోటు చేతిలోకి తీసుకుంది. అవతలి మనిషికి ఏం కావాలో తనకు తెలుసనుకునే ఇన్నేళ్ళూ బతికింది. ఎన్నడూ ఎవర్నీ అడిగి చూడలేదు.

"నిజంగానే వెళ్ళమంటున్నారా?" అంది.

ఔలిస్ ముఖం ఆమె వైపు తిప్పాడు.

"వద్దు" అన్నాడు. "వెళ్ళొద్దు."