ముందురోజు తొక్కిన దారి

బఠానీలు నానబోసి, ఒడీల్ దారి తొక్కడానికి బయల్దేరింది. సగ్నే కొండల్లో మోకాలిలోతు కొత్త మంచు పడితే, జలపాతం దాకా వెళ్లాలనుకున్నవాళ్ల కోసం ఎవరో ఒకరు ముందురోజే వెడల్పాటి మంచుచెప్పులు కట్టుకుని, పోతూ వస్తూ ఆ మంచుని అణగదొక్కాలి. రాత్రి చలికి అది గట్టిపడుతుంది. మర్నాడు చుట్టాలు రోడ్డు మీద నడిచినట్టు నడుస్తారు. ఆ ఎవరో ఒకరు ఇరవై రెండేళ్లుగా ఒడీలే. ఆదివారం కర్ర పట్టుకుని అందరికంటే ముందు నడిచేది మాత్రం ఆమె భర్త నార్మాన్. “మా అన్నయ్యకి ఈ అడవి కొట్టినపిండి,” అంటాడు ఏటా మాంట్రియల్ నుంచి వచ్చే మరిది ఇవాన్. ఒడీల్ అందరికంటే వెనక నడుస్తుంది.

ఇందులో బాధపడాల్సింది ఏమైనా ఉందా అన్నది ఆమెకి ఎప్పుడూ తేలలేదు. తొక్కమని ఎవరూ చెప్పలేదు. పెళ్లయిన మొదటి చలికాలం అత్తగారు లోరెట్, “నాకిక మోకాళ్లు సహకరించడం లేదమ్మాయ్,” అంది. అంతే.

ఈ శనివారం మాత్రం ఒడీల్ మడుగు దగ్గర ఆగిపోయింది. జలపాతం కింద గడ్డకట్టిన ఆ మడుగు మీదుగానే ఎప్పుడూ దారి వేసేది. పోయిన వారం వాన పడింది. వానకి అడుగున వాగు పొంగి, తర్వాత నీరు తగ్గిందంటే, పైనున్న మంచుగడ్డకి కింద ఆధారం ఉండదు. కర్రతో కొట్టి చూసింది. డొల్లగా మోగినట్టనిపించింది. మళ్లీ కొట్టింది. ఈసారి అది గడ్డ చప్పుడో, అడుగున పారే నీటి చప్పుడో, తన గుండె చప్పుడో తెలియలేదు. వెనక్కి వచ్చేసింది.

భోజనాల దగ్గర చెప్పింది. “డొల్లా? అది గడ్డలో కాదులే, నీ చెవిలో ఉంది,” అన్నాడు నార్మాన్. అందరూ నవ్వారు. ఒడీల్ కూడా నవ్వింది. ఎందుకు నవ్విందో, గిన్నెలు కడుగుతున్నంతసేపూ ఆలోచించినా అర్థం కాలేదు. నిజంగా చెవిలోనే ఉందేమో. కానీ పసిపిల్లల ఏడుపు విని ఆకలో నొప్పో ఇట్టే చెప్పిన చెవులే కదా ఇవి, ఇంట్లో పనికొచ్చినవి అడవిలో ఎందుకు పనికిరాకుండా పోతాయి? లేక ఆయన ముందు నడవడం తనకి కంటగింపై, ఆ కోపమే అలా వినిపించిందా? అదే అయితే తనెంత చెడ్డది! చివరికి అది భయమో ఉక్రోషమో కూడా తెలుసుకోలేకపోయింది.

ఆదివారం పదకొండింటికి అందరూ మడుగు చేరారు. దారి అక్కడితో ఆగిపోయింది. నార్మాన్ వెనక్కి తిరిగి, “ఇదేంటి, సగంలో వదిలేశావ్?” అన్నాడు. ఇన్నేళ్లలో ఆ దారి ఊసు ఆయన ఎత్తడం అదే మొదటిసారి, అదీ అది లేనప్పుడు.

“అయితే దారి వేసింది పెద్దమ్మా?” అంది ఇవాన్ కూతురు మోద్. దానికి తొమ్మిదేళ్లు.

“గట్టు మీంచి పోదాం,” అంది ఒడీల్.

“అక్కడ నడుములోతు మంచుంది. ఎవరు తొక్కుతారు?” అన్నాడు నార్మాన్.

“ఇన్నేళ్లూ ఎవరు తొక్కారట?”

“సరదాగా వచ్చినప్పుడు ఈ గొడవెందుకమ్మాయ్,” అంది లోరెట్.

నార్మాన్ చెయ్యి చాచాడు. “రా తల్లీ, మడుగు మధ్యలో నిలబెట్టి ఫోటో తీస్తా.” మోద్ కదిలింది. ఒడీల్ చెయ్యి ఆ పిల్ల కోటు టోపీని పట్టుకుంది. పట్టుకున్నాక గానీ ఆ సంగతి ఆమెకే తెలియలేదు.

“విరుగుతుందని నీకు కచ్చితంగా తెలుసా?” నార్మాన్ గొంతు పెంచాడు.

అందరూ ఆమెనే చూస్తున్నారు. తెలుసు అనాలని ఉంది. కానీ అది అబద్ధం.

“తెలియదు,” అంది ఒడీల్. “విరగదని నీకు తెలుసా?”

నార్మాన్ చేతిలోని కర్ర వంక చూశాడు. దాంతో ఆయన ఏనాడూ గడ్డని కొట్టి చూసింది లేదు. ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడిగిందీ లేదు.

ఒడీల్‌కి ఇంకా ఏమీ తేలలేదు. తను విన్నది నిజమో కాదో, ఇంటికెళ్లాక ఏమేం వినాలో. అన్నీ తేలాకే నోరు విప్పాలన్న నియమం ఈ ఇంట్లో తనొక్కదానికే ఎందుకో అన్నది మాత్రం మొదటిసారి తోచింది. గట్టు మీది మంచులోకి దిగింది. నడుం దాకా కూరుకుపోయింది.

“నా అడుగుల్లోనే అడుగెయ్యి, మోద్,” అంది. “నాకు తెలియనిచోట ఆగి, తెలియదని చెబుతాను.”