వీపుకి కవచం లేదు

ఎడమ మోకాలికి కవచం బిగిస్తుంటే పట్టీ రెండుసార్లు జారింది. ఎడమచెయ్యి తెల్లారినప్పటి నుంచీ తిమ్మిరిగానే ఉంది. ఒత్తిగిలి పడుకున్నానని సరిపెట్టుకుని, కాటా బాబాయ్ మళ్ళీ బిగించాడు.

వారమంతా గోడౌన్ గేటు దగ్గర లారీలు తూస్తాడు. అందుకే ఆ పేరు. ఇరవయ్యారేళ్ళలో ఒక్క డ్రైవరు మీద కూడా గొంతు పెంచలేదు. ఆ గొంతంతా దాచుకుని, ఆదివారం అంపైరుగా నిలబడి బేస్‌బాల్ మైదానంలో "అవుట్!" అని ఖర్చుపెడతాడు. పెళ్ళి సంగతి ఎవరూ గట్టిగా అడగలేదు, ఆయనా గట్టిగా చెప్పలేదు.

"ఇవాళ్టికి మానెయ్‌రా. కొంపలేం మునగవు," అంది అక్క, తలుపు తుడుస్తూ. ఎవరో దానిమీద బొగ్గుతో కన్ను గీసి, అడ్డంగా కొట్టేశారు. తుడిచేకొద్దీ అది పెద్దదవుతోంది.

"వెళ్ళకపోతే తప్పు చేసి దాక్కున్నాడంటారక్కా."

"చేశావుగా?"

"చేశాను. దాక్కోను."

పోయిన ఆదివారం, ఆఖరి క్షణం. పరిగెత్తుకొచ్చినవాడి చెయ్యి ఐదు మూలల రబ్బరు పలకని తాకేలోపే, బంతి ఉన్న గ్లవ్ వాణ్ణి తాకింది. ఈయన "సేఫ్" అన్నాడు, అవుట్ కాదని. వీడియోలో చూస్తే జానెడు తేడా. ఆ సాయంత్రమే ఆటల సంఘానికి ఉత్తరం రాశాడు: తప్పు నాదే. ఫలితం మారలేదు. ఓడిన జట్టులో బంతి విసిరేవాణ్ణి అందరూ చువ్వ అంటారు. అతన్ని చూసి తమలోకి తీసుకుందామని వచ్చిన పెద్ద జట్టువాళ్ళు కారెక్కి వెళ్ళిపోయారు.

ఇవాళ మైదానంలో ఈలల్లేవు, తిట్లూ లేవు. అదే బాగోలేదు. చువ్వ జట్టు క్యాచర్ మాస్కు దించుకుంటూ గొణిగాడు: "బాబాయ్, చువ్వ వారంనుంచీ ఎవరితోనూ మాట్లాడట్లేదు. చూస్కో."

పలక మీద దుమ్ము పడింది. ఈ ఆటలో ఓ మర్యాద ఉంది: దుమ్ము దులిపేటప్పుడు అంపైరు జనానికి వీపు చూపించకూడదు. అంటే, బంతి పట్టుకున్నవాడికి చూపించాలి. మొహానికి జాలీ, రొమ్ముకీ కాళ్ళకీ కవచాలు. వీపుకి మాత్రం చొక్కా ఒక్కటే. వెనక పద్దెనిమిది మీటర్ల దూరంలో చువ్వ బంతిని గ్లవ్‌లో కొట్టుకుంటున్నాడు. టప్. టప్.

కాటా బాబాయ్ వంగాడు. చప్పుడు ఆగిపోయింది.

తర్వాత అడుగులు. దగ్గరకొస్తున్నాయి. ఆయన తల తిప్పలేదు, బ్రష్ ఆపలేదు. పలక మీద నీడ పడింది. చువ్వ పక్కనే గొంతుక్కూర్చుని, అరచేత్తో ఒక మూల తుడిచాడు.

"ఇది కూడా దులుపు బాబాయ్. మొన్న నీకిదే కనపడలేదు."

"నీ బతుకు పాడుచేశాన్రా."

"బతుకా? ఒక్క ఆదివారం. లే, జనం చూస్తున్నారు."

అందించిన చేతిమీద ఆయన బరువంతా వేసి లేచాడు.

"అమ్మో! ఊళ్ళో లారీలన్నీ తూస్తావు, నిన్నెవరూ తూయరా?"

వారం రోజుల్లో మొదటిసారి కాటా బాబాయ్ నవ్వాడు. చేతి తిమ్మిరి భుజం దాకా పాకింది.

ఆట అయ్యేసరికి ఎండ వాలింది. ఆయన కవచాలు విప్పకుండానే బెంచీ మీద కూలబడ్డాడు. చువ్వ కమలాపండు ఒలిచి సగం చేతిలో పెట్టాడు.

"తిను. మొహం సున్నం కొట్టినట్టుంది. నీళ్ళు తెస్తా."

"ఇవాళ ఎన్ని తప్పులు చేశాన్రా?"

"ఒక్కటీ లేదు."

"సరిగ్గా చూశావా?"

"చూశాను బాబాయ్."

ఆయన తలూపి, గోడకి ఆనుకున్నాడు.

నీళ్ళతో తిరిగొచ్చి చువ్వ రెండుసార్లు పిలిచాడు. ఆ తర్వాత పిలవలేదు.

అందరూ కలిసి ఆయన్ని మోసుకెళ్ళాక, బెంచీ మీద సగం కమలాపండు ఉండిపోయింది, ఒక్క తొనైనా విడదీయకుండా, గాలికి పైపొర ఆరుతూ.