పై అంతస్తుకు పసుపు రంగు

మా తమ్ముడు శుక్రి పోయాక నేను చేసిన పనల్లా కైరో మహానగరానికి రంగులు వేయడమే. ఉపగ్రహం తీసిన ఫొటో నా తెర మీద పరుచుకుని ఉంటుంది. పొలమైతే ఆకుపచ్చ, ఫ్యాక్టరీ అయితే ఊదా, మనుషులుండే ఇల్లయితే పసుపు. పంటభూమిలో కట్టి సగంలో వదిలేసిన ఇంటికి గులాబీ. రేపు ప్రణాళిక అమల్లోకి వస్తే గులాబీ పడిన ఇళ్ళన్నీ కూల్చి మళ్ళీ పొలం చేస్తారట. చేస్తారో చేయరో నాకేం తెలుసు, నేను రంగులు వేసేదాన్ని.

మూడు రోజుల సంతాపం అవగానే ఆఫీసుకు వచ్చేశాను. రింగ్ రోడ్డు మీద మైక్రోబస్సు బోల్తా పడింది, తమ్ముడు అందులో ఉన్నాడని ఫోనొచ్చినప్పుడు కూడా ఏదో గోడౌనుకు ఊదా నింపుతున్నాను. నింపడం పూర్తిచేసే లేచాను. పరామర్శకొచ్చినవాళ్ళు చావింట్లో ఇచ్చే చక్కెర లేని కాఫీ తాగి వెళ్ళారు, వాళ్ళ వెనకే కప్పులు కడిగాను. అక్కవై ఉండి ఒక్క చుక్క రాల్చలేదేమిటే అని పిన్ని మొహం మీదే అడిగింది. రాకపోతే ఎక్కణ్ణుంచి తెచ్చేది?

మా అమ్మ ఇల్లు గీజా అవతల, కాలువ గట్టున, పశుగ్రాసం పొలాల మధ్య లేచిన ఎర్ర ఇటుకల వీధిలో ఉంది. వీధంతా ఆమెను ఉమ్ శుక్రి అంటుంది, శుక్రి తల్లి అని. ముందు పుట్టింది నేనే అయినా నా పేరు ఎవరికీ పట్టలేదు, అది వేరే సంగతి. కింద అమ్మ ఉంటుంది. పై అంతస్తు శుక్రి పెళ్ళికని గాజులమ్మి లేపింది. గోడలకు ప్లాస్టరింగ్ లేదు, కిటికీలకు చట్రాలు లేవు, స్లాబులోంచి ఇనప చువ్వలు పైకి లేచి ఉన్నాయి. పైకి పోయి కాపురం పెట్టాల్సినవాడు పోయాడు.

వాడి బట్టలు అమ్మ ఒక ప్లాస్టిక్ సంచిలో కుక్కి, మూతి గట్టిగా కట్టి, మంచం కింద పెట్టుకుంది. శుక్రవారం నమాజు అయ్యాక ముడి విప్పి, మొహం అందులో పెట్టి, వాసన పోతుందని గబగబా కట్టేస్తుంది. ఉతికి ఎవరికైనా ఇచ్చెయ్యరాదా అన్నందుకు నాతో వారం రోజులు మాట్లాడలేదు.

తమ వీధిలో సర్వే ఉందని తెలిసి ఫోన్ చేసింది. ఏ ఇల్లు ఉంచుతారు, ఏది కూలుస్తారని అడిగింది. తెర మీంచి కళ్ళు తిప్పకుండానే అప్పజెప్పాను. పై అంతస్తులో మనిషి ఉంటున్న గుర్తు సర్వేకొచ్చినవాడు వీధిలోంచి తీసే ఫొటోలో పడాలి, లేకపోతే ఇల్లు మొత్తం గులాబీయే.

"గుర్తంటే ఏంటే?"

"బల్బు, కర్టెను, ఏదో ఒకటి. తడిబట్టలు ఆరేసుంటే ఇంకేం అడగరు."

సరేనని పెట్టేసింది. కన్నతల్లి ఇంటికి నువ్వే పసుపు వేసెయ్యొచ్చుగా అనకండి. ఫొటో లేని రంగును పైవాళ్ళు తిప్పి కొడతారు. నేను పక్కనున్న పొలానికి ఆకుపచ్చ నింపుకున్నాను.

వీధులు తిరిగి ఇళ్ళ ఫొటోలు తెచ్చేది వగీహ్. కిందటి నెలే చేరాడు. నా తమ్ముడి సంగతి తెలియదు, ఆ ఇల్లు మాదని అసలే తెలియదు. గురువారం మధ్యాహ్నం తల తుడుచుకుంటూ వచ్చి నా బల్ల దగ్గర కూలబడ్డాడు. ఉమ్ శుక్రి అని ఒకావిడ ఉందట, ఏం నోరట ఆవిడది. పైన ఖాళీగా ఉన్నట్టుందే అన్నాడట, అంతే.

"'కళ్ళు లేవా నాయనా, చొక్కాలు కనపడట్లేదా, మా అబ్బాయుంటాడు' అంది, మేడమ్. ఒకసారి పిలవమన్నా. 'రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్నాడు, లేపను' అంది. ఇంకేం మాట్లాడతాం? ఆ చొక్కాల నీళ్ళన్నీ నా నెత్తినే కారాయి."

ఫొటో తెరిచాను. తెల్ల చొక్కా, గళ్ళ చొక్కా, మడమల దాకా వేలాడే నీలం చారల అంగీ, గలాబియా. మూడూ శుక్రివే. కింద గోడ మీద ఇటుకలు తడిసి నల్లబడి ఉన్నాయి.

"ఎంతమంది ఉంటున్నారని వెయ్యను?"

"ఒక్కడే. శుక్రి. ఇంకా పెళ్ళి కాలేదంట."

ఒకటి అని వేశాను. పసుపు నింపాను. వగీహ్ టీ తెస్తానంటే చక్కెర ఎక్కువ వెయ్యమన్నాను.

మర్నాడు ఇంటికి వెళ్ళాను. అమ్మ గడపలోనే ఏ రంగని అడిగింది. పసుపేనని చెప్పాను. దేవుడి దయ అంది. ఇద్దరం పైకెక్కాం. బట్టలు ఇంకా తీగ మీదే ఉన్నాయి, ఎండకు పెళుసెక్కి. గలాబియా మొహానికి ఆనించుకున్నాను. సబ్బు వాసన. నా చున్నీలకు వాడే సబ్బే.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు. మూడు నెలల్లో నాకు ఏదైనా అనిపించడం అదే మొదలు.

"బల్బు చాలన్నాను కదమ్మా."

"పైకి కరెంటేదే?"

"పోనీ కర్టెను."

"దేనికి కట్టను? కిటికీ ఉందా?" అమ్మ గొంతులో నిష్ఠూరం లేదు. "తడిబట్టలని నువ్వే అన్నావు. వాడివి మూడే ఉన్నాయి. ఒక్కటే ఆరేస్తే ఎవరు నమ్ముతారు?"

"ఊరికే నీళ్ళలో ముంచి ఆరెయ్యాల్సింది."

"నీళ్ళు పడ్డాక ఇంకేం మిగులుద్ది తల్లీ. ఎలాగూ పోయింది కదాని సబ్బు కూడా పెట్టా."

నేను చొక్కాలు రెండూ తీసి మడత పెట్టాను. గలాబియా మీద చెయ్యి వెయ్యబోతే అమ్మ ఆపింది.

"అది ఉండనీ. కిందనుంచి చూస్తే మనిషి ఉన్నట్టుంది."

ఉంచేశాను. అమ్మ చొక్కాలకు పెట్టిన క్లిప్పులు ఏరి, నడుముకు దోపుకున్న ప్లాస్టిక్ సంచి తీసి అందులో వేసింది. అది మంచం కింద ఉండే సంచే. మూతి కట్టలేదు.