మంచుగదిలో మీటింగు

మా అక్క మోకాళ్ల మీద ఐసు పెట్టింది నేనే. ముందే చెప్పేస్తున్నాను, ఇంకెవరో చెప్పి నా పరువు తియ్యక్కర్లేదు.

చేపల్ని ఐసులో పెట్టి పంపే ఫ్యాక్టరీలో పనిచేసే మాకు ఏ నొప్పికైనా మందు ఐసే. వేలు నలిగినా, నడుం పట్టేసినా ఒక ముక్క గుడ్డలో చుట్టి అద్దుకుంటాం. ఆ పొద్దున మంచుగదిలో చేపల్ని పెట్టెల్లో పేరుస్తున్న అక్క "కాళ్లే చెల్లీ, కాళ్లు!" అంటూ కూలబడింది. ఐసు పెట్టేకొద్దీ అరిచింది. నేను ఇంకా గట్టిగా అదిమాను.

కాంట్రాక్టరు వచ్చాడు. అక్క వంక చూడలేదు, ఆగిపోయిన పెట్టెల వంక చూశాడు.

"నెలకోసారి ఇదే నాటకం. దీన్ని గేటు బయట పడేసి రండి."

మేం అలాగే చేశాం. బయట నేలమీద పడుకోబెట్టి, తిరిగొచ్చి పెట్టెలు సర్దాం. తలుచుకుంటే నామీద నాకే అసహ్యం.

షిఫ్టు అయ్యాక ఆస్పత్రికి మోసుకెళ్లాం. అక్కడ నర్సు అక్కకీ నాకూ రక్తపరీక్ష చేయించింది. ఐసు సంగతి విని నెత్తి కొట్టుకుంది.

"చలికి రేగిన నొప్పికి మళ్లీ ఐసా తల్లీ! ఇది సికిల్ సెల్. గుండ్రంగా ఉండాల్సిన రక్తకణాలు కొడవళ్లలా వంగి, సన్న నాళాల్లో అడ్డం పడతాయి. ఈ లోపం అమ్మ నుంచి ఒక వంతు, నాన్న నుంచి ఒక వంతు, రెండూ మీ అక్కకొచ్చాయి. నీకొకటే వచ్చింది కాబట్టి నీకు నొప్పి లేదు. తనకి రోజూ మాత్ర పడాలి. నీళ్లు బాగా తాగాలి. ఒళ్లు వెచ్చగా ఉండాలి. జ్వరమొస్తే వెంటనే ఇక్కడికి తీసుకురావాలి."

"లేకపోతే?"

"ఈసారి కాళ్లు. ఇంకోసారి ఊపిరితిత్తులు."

నీళ్లట! షిఫ్టుకి ఒక్కసారే బాత్రూముకు వదులుతారు మమ్మల్ని. అందుకే ఎవరం నీళ్లు ముట్టం. ముట్టనిదాన్ని గట్టిపిండం అని మెచ్చుకుంటాం. అక్కని అందరికన్నా ఎక్కువ మెచ్చుకున్నది నేనే.

మర్నాడు అన్నాల వేళ అందరికీ చెప్పాను.

"అంటుకుంటుందేమోనే?" అన్నాడు పెట్టెలు మోసే బాబాయి.

"పదేళ్లుగా దాని పక్కనే తింటున్నావు, అంటుకుందా?"

చేపలు కడిగే పిన్ని ముద్ద వదిలేసింది. "మా పిల్లకీ ఇవే నొప్పులు. ఎదిగే వయసు కదా అనుకున్నాను. కొట్టి మరీ పనికి పంపానే!"

ఆమె ఏడుపుతో మాకు కోపం పుట్టింది. గంటకోసారి వెచ్చటి గది, తాగినన్ని నీళ్లు, అడిగినప్పుడల్లా బాత్రూము, అక్కకి చలిలేని చోట పని. మంచుగదిలోకి తిరిగెళ్లి, ఇవన్నీ ఇస్తేనే చెయ్యి కదుపుతామని కాంట్రాక్టరుతో అన్నాం.

కాంట్రాక్టరు నవ్వాడు. "జబ్బు మీ రక్తంలో ఉంటే నేనేం చెయ్యను? పోయి మీ అమ్మానాన్నల్ని అడగండి. రేపు అందరూ పరీక్ష కాగితాలు తెండి. తేడా ఉన్నోళ్లు ఇంటికే."

అప్పటిదాకా 'అండీ' తప్ప ఎరగని నా నోట 'నువ్వు' వచ్చింది. "రక్తం అమ్మానాన్నలిచ్చారు. చలి నువ్విచ్చావు!"

గది హోరెత్తింది. అతను తగ్గాడు. "సరే, ఇద్దరు ఆఫీసుకు రండి, మాట్లాడదాం."

"ఇక్కడే మాట్లాడదాం," అన్నాడు బాబాయి. "తలుపు తీసే ఉంది. మేమూ నిలబడతాం."

పల్చటి చొక్కాలో పది నిమిషాలైనా నిలవలేకపోయాడు. పళ్లు టకటకలాడుతుంటే బయటికి ఉరికి, పోలీసులకు ఫోన్ చేశాడు.

వ్యాను వచ్చేసరికి మేమంతా గేటు బయట, అక్కని పడుకోబెట్టిన చోటే కూర్చున్నాం. కబురు విని అక్క కూడా వచ్చింది. రెండు స్వెట్టర్లు, చంకలో నీళ్ల సీసా.

"లీడరెవరు? లేవండి, ఎక్కండి!" లాఠీ నేలకేసి కొట్టాడు పోలీసు.

అక్క సీసా మూత తీసి తాగింది. తాపీగా, కడుపునిండా. తర్వాత నాకిచ్చింది. నేను తాగి పిన్నికిచ్చాను. పిన్ని బాబాయికిచ్చింది.

"లేవమంటుంటే వినపడట్లేదా?"

"ఆగండి," అంది అక్క. "ఇంకా నూటపాతికమంది తాగాలి."