పడవవారి కోడలు

పొయ్యి మీది గిన్నెకు మూత పెట్టడం, చేయి తుడుచుకోవడం, రెండు వాక్యాలు టైపు కొట్టడం, మళ్లీ వెళ్లి మూత తీసి కలపడం. మూడు నెలలుగా కోడలి ఆదివారాలు ఇలాగే ఉడుకుతున్నాయి. మామగారు తమ ఇంటిపేరు చరిత్రను పుస్తకంగా వేయించదలిచారు. చెప్పడం ఆయన పని, కొట్టడం ఆమె పని. విసుగు కనబడితే భర్త నవ్వుతాడు: "మా ఇంటిపేరు నీకు ఊరికే వచ్చిందనుకున్నావా?"

ఊరికే రాలేదని ఆమెకూ తెలుసు. పెళ్లయ్యాక తొమ్మిది కాగితాల మీద పేరు మార్చుకుంది. తాను పాత రిజిస్టర్లకు నకళ్లు తీసే ఆఫీసులోనే, ఆ మార్పు కాగితం ఇస్తే పై అధికారి, "సంతకానికి మీ ఆయన రాలేదా?" అని అడిగాడు.

ఇక ఆ చరిత్ర. రాజుగారి ఏనుగు రేవులో మొరాయించిందట. మూలపురుషుడు దాన్ని పడవలో ఒక పక్క ఎక్కించి, తూకానికి రెండో పక్క తన మీసం వేలాడేసి, ఒంటి తెడ్డుతో నది దాటించాడట. మీసం తడవనైనా లేదట. నాటి నుంచి వాళ్లు పడవవారు. మీసం సంగతి నమ్మినవాళ్లు కూడా ఏనుగు దగ్గర కాస్త ఆగుతారు.

ఆ వారం ఆఫీసులో చెదలు తిన్న కట్ట విప్పుతుంటే మామగారి ఊరి రేవులో పడవ నడిపేందుకు ఇచ్చిన అనుమతి కాగితాలు బయటపడ్డాయి. మొదటిదాంట్లో పడవ ఉన్న ఇంటికి వేరే ఇంటిపేరు ఉంది. ఇంటాయన చనిపోయినందున పడవ నడుపుకోడానికి "పై ఇంటి కోడలికి" అనుమతి. కింద వేలిముద్ర. ఏడాదికొకటి చొప్పున అలాంటివి పదకొండు. పన్నెండో దాంట్లో గుమాస్తా "పడవామె కొడుకు" అని రాశాడు, ఆ తర్వాత ఇంటిపేరు దగ్గర ఉట్టి "పడవ" అని. గుమాస్తాలకు బద్ధకం, వంశాలు అలా పుడతాయి.

కోడలికి ఏడుపూ రాలేదు, గర్వమూ రాలేదు. తెడ్డు పట్టి పట్టి చేతులు కాయలు కాచాయేమో, ముద్రలో గీతలు సరిగా పడలేదు అనుకుంది, అంతే. నకలు తెచ్చి మామగారి ముందు పెట్టింది.

ఆయన కళ్లద్దాలు సవరించుకున్నారు. "ఆ రోజు పెద్దాయనకి జ్వరం వచ్చుంటుందమ్మా. ఈవిడెళ్లి వేలేసొచ్చింది."

"పదకొండేళ్ల జ్వరమా మామయ్యా? పైగా పోయారని రాసుంది."

"ఆడమనిషి పడవ నడిపిందని వేస్తే నలుగురూ నవ్విపోతారు," అన్నాడు భర్త. "అది పక్కన పెట్టు. ఏనుగే బాగుంది."

కోడలు వంశవృక్షం పేజీ తెరిచింది. ఏడు తరాల గడులు. మగవాళ్లకు పేర్లున్నాయి, ఆడవాళ్లంతా "భార్య".

"పడవామె పేరు ఎలాగూ దొరకలేదు. పోనీ, మీ నాయనమ్మ పేరు చెప్పండి మామయ్యా, కొడతాను."

"నాయనమ్మ... నాయనమ్మేనమ్మా. అందరం అలాగే పిలిచేవాళ్లం." ఆ మాట ఆయనకే రుచించలేదు. లేచి తన అక్కగారికి ఫోను చేశారు. "మన నాయనమ్మ పేరేంటక్కా?"

అవతలి గొంతు గదంతా వినిపించింది. "డెబ్భై ఏళ్లొచ్చాక గుర్తొచ్చిందట్రా వెధవా! ఉండు, ఆవిడదీ, వాళ్లత్తదీ, నాకు తెలిసినవన్నీ చెబుతా. రాసుకో."

మామగారు ఫోను చెవికి ఆనించుకుని, రాయమని కోడలికి సైగ చేశారు.

కోడలు వెళ్లి పొయ్యి ఆర్పింది. తన కుర్చీని ఆయన వైపు తిప్పి పెట్టింది.

"మీరే రాసుకోండి మామయ్యా," అంది. "పెన్ను సొరుగులో ఉంది."